రెండు రెప్పలకూ ఒకటే పగ్గం

ఆపరేషన్ జరిగింది ఎడమ కంటికి. వాలింది కుడి రెప్ప.

వాపు తగ్గి, కమిలిన నలుపు పోయి, ముఖం మామూలయ్యాక అద్దంలో చూసుకున్న మనిషికి ఇది అంతుపట్టదు. ఎడమ రెప్ప అనుకున్నట్టే లేచింది, నల్లగుడ్డు నిండుగా కనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఏ వంకా లేని కుడి కన్నే ఇప్పుడు మగతగా ఉంది. ఇంట్లో ఒకరు డాక్టరు కుట్టు తప్పు వేశాడంటారు. ఇంకొకరు కుడివైపు పక్షవాతం మొదలైందేమోనని బెదురుతారు. నిజానికి కుడి రెప్పను ఎవరూ తాకలేదు. దానికి కొత్తగా వచ్చిన జబ్బూ లేదు. వాలిన రెప్పను సరిచేసే ఆపరేషన్ తర్వాత రెండు కళ్లూ హెచ్చుతగ్గుగా కనిపించడానికి చాలా కారణాలున్నాయి. కొన్ని కత్తికీ సూదికీ సంబంధించినవి. నాకు వాటికన్నా ఎక్కువ ఆసక్తి కలిగించేవి రెప్పకు చాలా వెనక, మెదడు కాండంలో ఉన్నాయి.

ముందు కొలతలు చూద్దాం. మనిషి ఎదురుగా చూస్తున్నప్పుడు పై రెప్ప అంచుకూ కింది రెప్ప అంచుకూ మధ్య ఎడం 9, 10 మిల్లీమీటర్లు. నల్లగుడ్డు నిలువు కొలత దాదాపు 11 మి.మీ. కాబట్టి మామూలుగా నల్లగుడ్డు మొత్తం ఎప్పుడూ బయటపడదు. పైభాగంలో ఒకటి రెండు మిల్లీమీటర్లు రెప్ప కింద ఉంటుంది. అది కూడా బయటపడితే ఆ మనిషి బెదిరినట్టో ఉరిమి చూస్తున్నట్టో కనిపిస్తాడు. కంటి డాక్టరు పెన్ టార్చి వెలుగు కంటి మీద వేసి, కంటిపాప మధ్యలో మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా చిన్న స్కేలుతో కొలుస్తారు. 4 నుంచి 5 మి.మీ. ఉంటే మామూలు. కేసు షీటులో ఎం.ఆర్.డి. అని రాసేది ఈ అంకెనే. రెప్ప ఉండాల్సిన చోటి కన్నా 2 మి.మీ. దిగితే స్వల్పం, 3 దిగితే ఓ మోస్తరు, 4 గాని అంతకు మించి గాని దిగితే తీవ్రం. ఈ వాలును వైద్యులు టోసిస్ అంటారు.

ఒంట్లో ఇంకెక్కడైనా ఒక మిల్లీమీటరు తేడా ఎవరి కంటా పడదు. ఒక చెవి కాస్త కిందికి ఉంటే కట్టుకున్న భార్యకు కూడా తెలియకపోవచ్చు. రెప్పల సంగతి వేరు. ఎదుటి మనిషి అలసట, కోపం, అనుమానం, నిద్రమత్తు మనం చదివేది ఆ సన్నని సందులోంచే కాబట్టి అక్కడ మన చూపుకు పట్టింపు ఎక్కువ. విచిత్రమేమిటంటే, ఈ ఆపరేషన్ ఫలితాలను లెక్కగట్టే వైద్య పత్రాల్లో రెండు కళ్ల మధ్య తేడా 1 మి.మీ. లోపుంటే సాధారణంగా విజయం కిందే జమకడతారు. సర్జన్ లెక్కలో పాసైన కన్ను పేషెంటు అద్దంలో ఫెయిలయ్యేది అక్కడే. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు.

రెప్పను లేపేది ప్రధానంగా ఒకే ఒక కండరం. పేరు లెవేటర్. కంటి గూటి లోపలి కొసన మొదలై, గుడ్డు పైభాగం మీదుగా ముందుకు వస్తుంది. కండర భాగం పొడవు సుమారు 40 మి.మీ. ముందుకు వచ్చేసరికి తెల్లటి పలచని పట్టీగా మారి, రెప్పలోని టార్సస్ అనే పలకకు అతుక్కుంటుంది. రెప్పను వేళ్లతో పట్టుకుంటే కాస్త గట్టిగా తగిలేది ఆ పలకే. దాని మందం 1 మి.మీ. లెవేటర్‌కు ఆజ్ఞ మెదడు నుంచి మూడో కపాల నాడి ద్వారా వస్తుంది. కనుబొమను వేలితో నొక్కిపట్టి, మనిషిని పూర్తిగా కిందికి, ఆ తర్వాత పూర్తిగా పైకి చూడమంటే రెప్ప అంచు దాదాపు 15 మి.మీ. ప్రయాణం చేస్తుంది. అది 4 మి.మీ. దాటకపోతే ఆ కండరం మీద ఆశ పెట్టుకోలేం. ఏ రకం ఆపరేషన్ చేయాలో, ఆ తర్వాత రెండు కళ్లూ ఎంతవరకు జతపడతాయో చెప్పడంలో ఈ అంకెకే ఎక్కువ విలువ. రెప్ప ఎంత వాలిందన్నది దాని తర్వాతి మాట.

లెవేటర్‌కు సాయం చేసేవి ఇంకో రెండున్నాయి. దాని అడుగునే పలచగా ముల్లర్ కండరం ఉంటుంది. 19వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ ముల్లర్ పేరే దానికి పెట్టారు. మన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా సింపథెటిక్ నాడుల ఆజ్ఞకు ముడుచుకుని, రెప్పకు మరో 2 మి.మీ. ఎత్తునిస్తుంది. భయపడినప్పుడు కళ్లు విప్పారడంలో దీనికి వాటా ఉంది. రెండోది నుదుటి కండరం. అది కనుబొమను పైకి లాగితే దాని వెంట రెప్ప కొంచెం లేస్తుంది. ఒక రెప్ప వాలినవాళ్లకు నుదుటి మీద ఆవైపు గీతలు లోతుగా పడి, ఆ బొమ పైకి ఉండటం దీనివల్లే. పుట్టుకతో రెప్పలు వాలిన పిల్లలు గడ్డం పైకెత్తి, రెప్పల కిందనుంచి చూస్తారు. బళ్లో దాన్ని పొగరనుకునే పంతుళ్లు లేకపోలేదు.

రెప్ప వాలడానికి కారణాలు అనేకం ఉన్నా, ఆపరేషన్ బల్ల దాకా వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు రకాలు. పుట్టుకతో వచ్చిన టోసిస్‌లో లెవేటర్ కండరమే సరిగా తయారై ఉండదు. కండర పోగులు ఉండాల్సిన చోట పీచు, కొవ్వు పేరుకుని ఉంటాయి. అలాంటి కండరం సరిగా ముడుచుకోదు, సరిగా సాగనూ సాగదు. వయసు మీద పడ్డాక వచ్చేదాంట్లో కండరం భేషుగ్గా ఉంటుంది, ముందున్న తెల్లపట్టీ సాగి పలకను వదులుతుంది. ఏళ్ల తరబడి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నవాళ్లలో, కంటికి ఇతర ఆపరేషన్లు అయినవాళ్లలో కూడా ఇది వస్తుంది. ఈ రెండు రకాల తర్వాత మిగిలే హెచ్చుతగ్గులు ఒకలాంటివి కావు. వాటి దగ్గరికి వెళ్లేముందు కుడి రెప్ప లెక్క తేలాలి.

1868లో ఎవాల్డ్ హేరింగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త రెండు కళ్లతో చూడటం గురించి ఒక పుస్తకం రాశాడు. అప్పుడాయన వియన్నాలో ప్రొఫెసర్. రెండు కళ్లను రెండు విడి అవయవాలుగా కాక ఒకే అవయవానికి రెండు సగాలుగా చూడాలన్నది ఆయన వాదం. ఒక కన్ను కదలాలని మెదడు ఆజ్ఞ ఇస్తే, అంతే బలమైన ఆజ్ఞ రెండో కంటిలోని జత కండరానికీ వెళుతుంది. ఒకే పగ్గంతో తోలే జత గుర్రాలతో ఆయన కళ్లను పోల్చాడు. మన పొలాల్లో జోడెడ్లను తోలినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎడమ ఎద్దు మొరాయిస్తోందని గట్టిగా అదిలిస్తే కుడి ఎద్దు అనవసరంగా ఉరుకుతుంది.

హేరింగ్ సమకాలికుడు, ఆయనకన్నా పేరున్నవాడు హెల్మ్‌హోల్ట్జ్, ఈ జతకదలిక పసితనంలో నేర్చుకున్న అలవాటేనన్నాడు. హేరింగ్ పుట్టుకతో ఉన్న అమరిక అన్నాడు. కళ్లను తిప్పే కండరాల విషయంలో ఈ జగడం చాలాకాలం సాగింది. రెప్పల విషయంలో మాత్రం శరీర నిర్మాణమే హేరింగ్ తరఫున సాక్ష్యం చెప్పింది. 1953లో రోజర్ వార్విక్ కోతుల మెదడులో మూడో కపాల నాడి కేంద్రాన్ని భాగాలుగా విడదీసి గుర్తించాడు. కంటిని తిప్పే కండరాలకు కుడి ఎడమల్లో వేరువేరు కణాల గుంపులు కనిపించాయి. రెప్పను లేపే కండరాలకు మాత్రం సరిగ్గా మధ్యగీత మీద ఉమ్మడిగా ఒకటే గుంపు ఉంది. మనుషుల్లోనూ అమరిక ఇదే. ఇప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకోండి. ఒక కన్ను గీటడం చాలామందికి వచ్చు. రెండు కళ్లూ తెరిచి ఉండగా, బొమ కదపకుండా, ఒక రెప్పను మాత్రమే ఇంకాస్త లేపడం మామూలుగా సాధ్యం కాదు. కన్ను మూసే కండరానికి ఆజ్ఞ తెచ్చేది ఏడో కపాల నాడి. దాని కేంద్రాలు కుడికి వేరు, ఎడమకు వేరు. లేపే కండరాలకు ఆ వెసులుబాటు లేదు.

ఇక లెక్క సులువే. ఎడమ రెప్ప వాలి చూపుకు అడ్డం పడితే దాన్ని లేపాలని మెదడు ఆజ్ఞ పెంచుతుంది. పెంచిన ఆజ్ఞను ఎడమకు మాత్రమే పంపే దారి లేదు కనుక కుడికీ చేరుతుంది. కుడి రెప్ప దానికి తగ్గట్టు లేచి, తన అసలు చోటి కన్నా పైన కూర్చుంటుంది. పక్కన ఎడమది ఉన్నదానికన్నా ఎక్కువ వాలినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్‌తో అడ్డు తొలగగానే ఆజ్ఞ తగ్గుతుంది, కుడి రెప్ప తన అసలు చోటికి దిగుతుంది. ఆ అసలు చోటు మామూలుదే అయితే గొడవ లేదు, ఇంకా మంచిది. కానీ వయసుతో కుడి పట్టీ కూడా లోలోపల సాగి ఉంటే, ఇన్నేళ్లూ ఎడమ చాటున దాక్కున్న వాలు ఇప్పుడు బయటపడుతుంది. మనందరికీ చూపులో ఒక కన్నుది పెత్తనం. ఆ పెత్తనం చేసే కన్నే వాలినదైతే మెదడు ఆజ్ఞ మరీ ఎక్కువగా ఉంటుంది. దాన్ని సరిచేశాక రెండోది దిగే అవకాశమూ ఎక్కువే.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. డాక్టరు వాలిన రెప్పను వేలితో మెల్లగా మామూలు ఎత్తుకు లేపి పట్టుకుని, రెండో కన్ను వైపు చూస్తారు. కొద్ది సెకన్లలో అది కిందికి దిగితే దాని బలం సొంతానిది కాదన్నమాట. ఫినైలెఫ్రిన్ చుక్క వేసి కూడా చూస్తారు. ఆ మందుకు ముల్లర్ కండరం ముడుచుకుని వాలిన రెప్ప లేస్తుంది, అప్పుడు రెండోదాన్ని గమనిస్తారు. పరీక్షలో దిగని రెప్ప ఆపరేషన్ తర్వాత దిగిన కేసులూ ఉన్నాయి. అందుకని నా దృష్టిలో పరీక్ష కన్నా ముఖ్యమైనది ఆపరేషన్‌కు ముందు ఒక మాట చెప్పడం: ఎడమది లేచాక కుడిది దిగవచ్చు, అప్పుడు దానికీ ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో ఖర్చు, రూము, ఇన్సూరెన్సు గురించి అరగంట చెప్పి, ఈ ఒక్క మాట వదిలేస్తే, తర్వాత నిజం చెప్పినా సాకులాగే వినిపిస్తుంది.

ఇప్పుడు కత్తీ సూదీ వైపు వద్దాం. పెద్దవాళ్లకు పట్టీ సాగిన టోసిస్ ఆపరేషన్ సాధారణంగా లోకల్ మత్తులో చేస్తారు. రెప్ప మీద సహజంగా ఉన్న మడతలోనే గాటు పెడతారు, మచ్చ అందులో కలిసిపోతుంది. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచనిది. దాని కింద కన్ను మూసే కండరం, దాని కింద సన్నని పొర. ఆ పొర తెరవగానే పసుపుపచ్చని కొవ్వు ముద్ద ముందుకు ఉబుకుతుంది. సర్జన్‌కు దారి చూపే గుర్తు అదే. కొవ్వును పక్కకు తొలగిస్తే దాని వెనక తెల్లగా నిగనిగలాడే లెవేటర్ పట్టీ దొరుకుతుంది. జారిపోయిన ఆ పట్టీని ముందుకు తెచ్చి పలకకు కుట్టడమే అసలు పని. సన్నని 6-0 రకం దారం వాడితే దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. పలక మందమే 1 మి.మీ. సూది అందులో సగం లోతుకు మాత్రమే దిగి, అడ్డంగా నడిచి, పైకి రావాలి. ఆవలికి పొడుచుకుపోతే ప్రతి రెప్పపాటుకూ దారం నల్లగుడ్డును గీరుతుంది. అందుకని సూది వెళ్లాక రెప్పను తిరగేసి లోపలివైపు దారం కనిపించడం లేదని చూసుకుంటారు. ముడి పూర్తిగా బిగించకుండా పేషెంటును బల్ల మీద లేపి కూర్చోబెడతారు. ఎదురుగా చూడండి. పైకి చూడండి. కిందికి. మళ్లీ ఎదురుగా. రెండు కళ్లూ పోల్చి, అవసరమైతే ముడి వదులు చేసి, మళ్లీ కూర్చోబెట్టి చూస్తారు.

ఇంత చేశాక కూడా బల్ల మీద కుదిరిన ఎత్తు ఇంట్లో ఉంటుందన్న హామీ లేదు. రక్తం కారకుండా మత్తుమందులో కలిపే అడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని ముడుచుకునేలా చేసి రెప్పను లేపుతుంది. మత్తుమందు లెవేటర్ దాకా పాకితే దాన్ని కిందికి దించుతుంది. థియేటర్ లైటు వెలుగుకు మనిషి కళ్లు చిట్లిస్తాడు. వాపు బరువు వేరే. పైగా ఎడమ రెప్ప ఎంత పైకి లేస్తే కుడిదానికి అంత ఆజ్ఞ తగ్గుతుంది కనుక, దేనితో పోల్చి చూడాలో ఆ కన్నే కదిలిపోతుంది. అనుభవమున్న సర్జన్ ఇవన్నీ మనసులో కూడి తీసి, ఒక్కోసారి కావాలనే కాస్త ఎక్కువ ఎత్తులో వదులుతారు. పసిపిల్లలకు పూర్తి మత్తు ఇవ్వాలి కాబట్టి లేపి కూర్చోబెట్టే వీలు కూడా లేదు. అక్కడ ముందురోజు కొలిచిన లెవేటర్ బలమే ఆధారం. బలం బాగున్న రెప్ప తర్వాత ఇంకొంచెం లేస్తుందనీ, బలహీనమైనది దిగుతుందనీ లెక్క వేసుకుని ఎత్తు నిర్ణయిస్తారు. 1 మి.మీ. లేపడానికి 4 మి.మీ. కండరం తగ్గించాలన్న ఒక మోటు లెక్క ఈ వృత్తిలో వాడుకలో ఉంది. మోటు లెక్క మోటు లెక్కే, ఏ ఇద్దరి కండరమూ ఒకేలా స్పందించదు.

కాబట్టి మొదటి వారం అద్దం చెప్పేది నమ్మడానికి లేదు. కమిలిన రంగు రెండు వారాల్లో చాలావరకు పోతుంది. వాపు పైకి తగ్గినట్టు కనిపించినా లోపల ఇంకొన్ని వారాలుంటుంది. రెప్ప తన చోట స్థిరపడటానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పట్టవచ్చు. ఎత్తు మరీ దారుణంగా తప్పిందని స్పష్టంగా తెలిస్తే కొందరు సర్జన్లు మొదటి ఒకటి రెండు వారాల్లోనే, గాయం ఇంకా మెత్తగా ఉండగా, కుట్టు సవరిస్తారు. ఆ గడువు దాటితే మాత్రం మచ్చ కణజాలం మెత్తబడే దాకా ఆగడమే మంచిది. రెప్ప మరీ పైకి ఉంటే కిందికి నెమ్మదిగా మర్దనా చేయమని చెప్పడమూ ఉంది. అది ఎప్పుడు, ఎంత ఒత్తిడితో అన్నది కుట్టినవాళ్లే చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు. ఆగకూడని సందర్భాలు వేరు. ఆపరేషన్ రోజు గాని మర్నాడు గాని విపరీతమైన నొప్పితో కన్ను ముందుకు ఉబికి చూపు తగ్గితే, కంటి వెనక రక్తం చేరిందేమో చూడాలి. అప్పుడు నిమిషాలు కూడా విలువైనవే. తర్వాతి రోజుల్లో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకబారితే నల్లగుడ్డు ఎండుతోందని అనుమానించాలి. అలాంటప్పుడు అందం సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పుట్టుకతో వచ్చిన టోసిస్‌లో హెచ్చుతగ్గు ఇంకోరకం. అందులో కండరంలోని పీచు సాగదని ముందే అనుకున్నాం. ఆపరేషన్‌తో రెప్పను ఎదురుగా చూసేటప్పుడు సరైన ఎత్తుకు తేవచ్చు, ఫొటోలో రెండు కళ్లూ సమానంగానే ఉంటాయి. పిల్లవాడు పుస్తకం మీదికి చూపు దించితే మామూలు రెప్ప కంటితో పాటు దిగుతుంది, కుట్టిన రెప్ప పైనే నిలిచిపోతుంది. నిద్రపోయేటప్పుడు ఆ కన్ను సగం తెరుచుకుని ఉంటుంది. తల్లులు హడలిపోయి డాక్టరుకు ఫోన్ చేసేది ఈ రాత్రుల్లోనే. ఇది కుట్టులో లోపం కాదు. పనికిరాని కండరాన్ని పొట్టి చేయగలం గానీ దానికి సాగే గుణం ఇవ్వలేం. సాధారణంగా నిద్రలో కనుగుడ్డు పైకి తిరుగుతుంది కాబట్టి నల్లగుడ్డుకు కొంత రక్షణ ఉంటుంది. చార్లెస్ బెల్ 1823లో వర్ణించిన ఈ కదలిక బాగా ఉందో లేదో ఆపరేషన్‌కు ముందే చూస్తారు. రాత్రి జెల్ వేయాల్సిన అవసరం కొందరికి చాలాకాలం ఉంటుంది.

అయినా పిల్లల్లో ఈ ఆపరేషన్‌కు అందం కన్నా పెద్ద కారణం ఒకటుంది. రెప్ప కంటిపాపను కప్పేస్తే ఆ కంటి నుంచి బొమ్మ స్పష్టంగా అందక మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. లేజీ ఐ అనేది ఇలా వస్తుంది. అటువంటప్పుడు స్కూలు వయసు దాకా ఆగరు, చాలా చిన్నప్పుడే చేస్తారు. కండరం బొత్తిగా పనిచేయకపోతే రెప్పను నుదుటి కండరానికి వేలాడదీస్తారు. తొడ నుంచి తీసిన పీచుపట్టీనో సిలికాన్ దారాన్నో కనుబొమ నుంచి రెప్ప పలక దాకా చర్మం కింద నడిపి కడతారు. తర్వాత ఆ పిల్లవాడు బొమ ఎత్తి కన్ను తెరుస్తాడు, బొమ దించి మూస్తాడు.

ఇక్కడే వైద్యుల్లో తెగని తగువు ఒకటుంది. ఒక కంటికి మాత్రమే ఇలా వేలాడదీస్తే రెండు కళ్లూ రెండు రకాల యంత్రాలతో నడుస్తాయి. బాగున్న కన్ను లెవేటర్‌తో తెరుచుకుంటుంది, రెండోది నుదుటితో. ఎదురుగా చూస్తే ఎలాగో కుదిరినా, చూపు మారితే జత చెడుతుంది. అసలు బాగున్న కన్నుతోనే చూడటానికి అలవాటుపడ్డ పిల్లవాడికి బొమ ఎత్తాల్సిన పనేముంది? కాబట్టి కట్టిన రెప్ప వాలే ఉంటుంది. అమెరికన్ సర్జన్ క్రోవెల్ బియర్డ్ 1960ల్లో దీనికి ఒక తెగువైన పరిష్కారం చెప్పాడు: బాగున్న లెవేటర్‌ను కూడా పనిచేయకుండా చేసి, రెండు రెప్పలనూ నుదుటికే కట్టాలి. తర్వాత ఆల్‌స్టన్ కలహాన్ కొంచెం మెత్తబరిచి, బాగున్న కండరాన్ని కోయకుండానే రెండువైపులా కట్టవచ్చన్నాడు. జత కుదరాలంటే తర్కం వీళ్ల పక్షానే ఉంది. కానీ నిక్షేపంలా ఉన్న బిడ్డ కన్ను మీద కత్తి పెడతామంటే ఒప్పుకునే తండ్రి ఎవరు? నేనైతే ఒప్పుకోనేమో. పూర్తి సమానత్వం కోసం మంచి కండరాన్ని పణంగా పెట్టడం నాకు పెద్ద ధరలాగే కనిపిస్తుంది. కొన్నేళ్లు కొద్దిపాటి వాలుతో సర్దుకుపోయి పిల్లవాడు పెద్దయ్యాక అడిగి చూడటం దీనికన్నా నయం, చూపుకు ప్రమాదం లేకపోతేనే సుమా.

ఎత్తు సమానంగా ఉన్నా కళ్లు జతగా కనిపించని సందర్భాలున్నాయి. రెప్ప మీద మడత ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి పడితే వెంట్రుకల అంచు నుంచి మడత దాకా కనిపించే జాగా తేడాగా ఉంటుంది. కాటుక, ఐలైనర్ పెట్టుకునేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. రెప్ప వంపు శిఖరం మామూలుగా కంటిపాప మధ్య నుంచి కాస్త ముక్కువైపు ఉంటుంది. ఒకే కుట్టు గట్టిగా బిగిస్తే అక్కడ గుడారంలా కోణం తేలుతుంది. కనుబొమ సంగతి అందరూ మరిచిపోయేది. ఇన్నేళ్లూ రెప్ప కోసం పైకి లాగి పట్టుకున్న బొమ, ఇక అవసరం లేదు కాబట్టి దిగుతుంది. దానితో పాటు పైచర్మం కిందికి జారి రెప్ప మీద పడుతుంది. రెప్ప అంచు ఉండాల్సిన చోటే ఉంటుంది, పేషెంటుకు మాత్రం మళ్లీ వాలినట్టే ఉంటుంది.

మరో జాగ్రత్త. ఆపరేషన్ తర్వాత హెచ్చుతగ్గు రోజురోజుకూ మారుతోందంటే, పొద్దున బాగుండి సాయంత్రానికి వాలుతోందంటే, మొదట అనుకున్న కారణమే తప్పయి ఉండవచ్చు. మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బులో నాడికీ కండరానికీ మధ్య సందేశం సరిగా అందక, వాడేకొద్దీ రెప్ప అలసిపోతుంది. మూసిన కన్ను మీద రెండు నిమిషాలు ఐసు ప్యాకు పెట్టి తీస్తే రెప్ప 2 మి.మీ. గాని అంతకన్నా ఎక్కువ గాని లేస్తే అనుమానం బలపడుతుంది. దానికి ముందు మందులు, తర్వాతే కత్తి. రెప్ప హఠాత్తుగా వాలి, ఆ కంటిపాప పెద్దదై, తలనొప్పి ఉంటే మూడో నాడిని మెదడులోని రక్తనాళపు ఉబ్బు నొక్కుతూ ఉండవచ్చు. అప్పుడు వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. వాలు ఎప్పటినుంచి ఉందో తేల్చడానికి పాత ఫొటోలకు మించిన సాక్ష్యం లేదు. నాడీ నేత్ర వైద్యులు దీన్ని సరదాగా ఫ్యామిలీ ఆల్బమ్ టోమోగ్రఫీ అంటారు. పెళ్లి ఆల్బమూ పాత డ్రైవింగ్ లైసెన్సూ పట్టుకెళ్లండి. సెల్ఫీలు కొన్ని ఫోన్లలో తిరగబడి పడతాయి కాబట్టి కుడి ఎడమలు తారుమారై మోసపోతాం.

అన్నీ స్థిరపడి మూడు నెలలు దాటాక కూడా తేడా ఉందనుకుందాం. ఎడమ ఎం.ఆర్.డి. 5, కుడిది 2. పేషెంటు కుడి రెప్పను లేపమంటాడు, కంటికి తప్పుగా కనిపించేది అదే కాబట్టి. పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఆక్యులోప్లాస్టీ విభాగం వేరుగా ఉంటుంది. ఈ పనిలో చేయి తిరిగిన డాక్టరు అక్కడ కుడి రెప్పను ముట్టుకోకుండా, ఎడమ రెప్పను వేలితో ఒక మిల్లీమీటరు కిందికి దించి పట్టుకుని కుడివైపు చూస్తారు. ఎడమది కాస్త పైకి కుట్టినందువల్ల మెదడు ఆజ్ఞ తగ్గి కుడిది దిగి ఉంటే, ఇప్పుడది తనంత తానే లేస్తుంది. అలా లేస్తే సవరించాల్సింది ఎడమ కుట్టు. కదలకుండా అక్కడే ఉంటే కుడి పట్టీ.